రీల్స్ చూసి తిండి మానేస్తున్నారా? అందులోంచి బయటపడటం ఎలా

కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ ఈ ముద్ద తింటే ఎంత లావవుతానో అన్న లెక్క మొదలవుతోందా? పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం నాలుగు మెతుకులతో సరిపెట్టి, రాత్రి అందరూ పడుకున్నాక వంటగదిలోకి వెళ్లి దొరికిందల్లా తినేసి, తర్వాత కూర్చుని ఏడుస్తున్నారా? గ్రూప్ ఫోటో దిగితే ముందు మీ చేతులు, బుగ్గలు, పొట్ట ఎలా వచ్చాయో చూసుకుని, దాన్ని తీయించేసే దాకా కుదురుగా ఉండలేకపోతున్నారా? అయితే ఇది మీకోసమే. మీ చెల్లెలో, కూతురో, హాస్టల్లో రూమ్మేటో ఇలా ఉంటే మీరూ చదవండి, మీరు చేయాల్సింది చివర్లో రాశాను.

ఇందులో బరువు తగ్గే చిట్కాలు ఉండవు. కేలరీల అంకెలు కూడా కావాలనే రాయడం లేదు. ఈ ఇబ్బందిలో ఉన్నవాళ్లకి అలాంటి అంకె ఒక్కటి కంటపడితే చాలు, వారాల తరబడి బుర్రలోంచి పోదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. "నాకు విల్ పవర్ లేదు, నేనే ఇంత" అని మీరు అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. ఫిజీ దీవుల్లో ఒకప్పుడు బొద్దుగా ఉన్న ఆడపిల్లనే ఆరోగ్యంగా ఉందనేవాళ్లు, ఇంట్లో బాగా చూసుకుంటున్నారనేవాళ్లు, ఇంకొంచెం తినమని బలవంతం చేసేవాళ్లు. 1995లో అక్కడి నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలి బృందం టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మళ్లీ 1998లో ఇంకోసారి అక్కడి స్కూలు అమ్మాయిలను అడిగి చూసింది. మొదటిసారి బరువు కోసం వాంతి చేసుకునే పిల్ల ఒక్కతీ లేదు. మూడేళ్ల తర్వాత నూటికి 11 మందికి పైగా ఉన్నారు. ఆ పిల్లలందరికీ ఒకేసారి విల్ పవర్ పోయిందా? అది ఊళ్లో ఎవరింట్లోనో ఉన్న టీవీ చేసిన పని, అదీ మూడేళ్లలో. మీ చేతిలో ఉన్నది మీరు ఏ ఒంటి దగ్గర రెండు సెకన్లు ఆగారో గుర్తుపెట్టుకుని అలాంటివే ఇంకో వంద తెచ్చిపెట్టే తెర. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగి, ఇన్‌స్టాగ్రామ్‌ని కూడా నడిపే ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టినప్పుడు, అందులో ఆ కంపెనీ చేయించుకున్న సర్వేనే ఉంది. తమ ఒంటి గురించి బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని 32 శాతం టీనేజ్ అమ్మాయిలు అందులో చెప్పారు. అంటే ఆ కంపెనీకీ తెలుసు.

1. ముందు ఈ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

బ్రిటన్ డాక్టర్లు 1999లో తయారు చేసిన చిన్న పరీక్ష ఇది, ఇప్పటికీ చాలా దేశాల్లో వాడతారు. ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి నిజమే చెప్పుకోండి.

కడుపు నిండిపోయిందని ఇబ్బందిగా అనిపించి మీ అంతట మీరే వాంతి చేసుకుంటున్నారా?
ఎంత తింటున్నారో మీ చేతుల్లో లేకుండా పోయిందని భయంగా ఉందా?
ఈ మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా?
చుట్టూ ఉన్నవాళ్లు సన్నగా అయిపోయావంటున్నా మీకు మాత్రం లావుగానే ఉన్నానని అనిపిస్తోందా?
రోజంతా మిమ్మల్ని తిండే నడిపిస్తోందని అనిపిస్తోందా?

రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ "అవును"లు వస్తే డాక్టర్‌తో మాట్లాడాలి. జబ్బు ఉందని తేల్చేసే పరీక్ష కాదు ఇది, డాక్టర్ దగ్గరకు వెళ్లాలా వద్దా అన్నది చెబుతుంది అంతే. "నేనేమైనా బక్కచిక్కిపోయానా, నాకెందుకు వస్తుంది" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈటింగ్ డిజార్డర్ (తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బు) అంటే ఎముకలు కనిపించే అమ్మాయే గుర్తొస్తుంది మనకి. కానీ అతిగా తిని వాంతి చేసుకునే వాళ్లలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు, లావుగా ఉన్నవాళ్లూ ఉంటారు, అందుకే ఇంట్లో వాళ్లకు ఏళ్ల తరబడి తెలియదు.

2. ఇవి ఉంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఆస్పత్రికి వెళ్లండి

కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ లేదా గుండె ఒక్కోసారి తప్పి కొట్టుకున్నట్టు అనిపించడం, ఛాతీలో నొప్పి, వాంతిలో రక్తం, కాళ్లూ చేతులూ పట్టేయడం, మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం. వాంతుల వల్ల, విరేచనాల మాత్రల వల్ల ఒంట్లో పొటాషియం పడిపోతుంది, అది పడిపోతే గుండె లయ తప్పుతుంది, బయటికి బాగానే కనిపిస్తున్న మనిషికి కూడా ప్రాణం మీదకు వస్తుంది. ఆస్పత్రిలో జరిగింది దాచకుండా చెప్పి ఎలక్ట్రోలైట్స్ (రక్తంలో పొటాషియం లాంటి లవణాలు) పరీక్ష, ఈసీజీ చేయమనండి. షుగర్ ఉన్న అమ్మాయి బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేస్తుంటే అది కూడా ఎమర్జెన్సీయే, ఒక్క రోజు కూడా ఆగకూడదు. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఎక్కువ తినడం కూడా ప్రమాదమే, వాళ్లకు తిండి మళ్లీ మొదలుపెట్టడం డాక్టర్ కనుసన్నల్లోనే జరగాలి.

చనిపోవాలని అనిపిస్తుంటే ఒంటరిగా ఉండకండి. ఎవరినైనా పక్కకు పిలిచి 14416కి ఫోన్ చేయండి. ఆ నంబర్ గురించి కింద మళ్లీ చెబుతాను.

3. ఫోన్ కంటే ముందు తిండి సరిచేయండి

ఇన్‌స్టా తీసేస్తే అంతా సర్దుకుంటుంది అని చాలామంది అంటారు, నేను అలా అనను. కడుపు మాడుతున్న మనిషికి ఫోన్ లేకపోయినా తిండి ఆలోచనే ఉంటుంది. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకు ఆరు నెలల పాటు సగం కడుపుకే తిండి పెట్టి చూశాడు. యుద్ధంలో మనుషులను చంపబోమని చెప్పి, దానికి బదులుగా ఈ సేవకు తమంతట తామే ముందుకొచ్చిన వాళ్లు వాళ్లు. వాళ్లకు సోషల్ మీడియా లేదు, సన్నబడాలన్న కోరికా లేదు. అయినా పొద్దస్తమానం తిండి మాటలే మాట్లాడేవాళ్లు, వంటల పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు, ఒక్క కంచాన్ని గంటల తరబడి తినేవాళ్లు, చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవలేకపోవడం. తర్వాత స్వేచ్ఛగా తినమన్నప్పుడు కొందరు కడుపు పగిలేలా తిన్నా ఇంకా ఆకలిగానే ఉందన్నారు.

రాత్రి పదకొండింటికి మీరు బిస్కెట్ ప్యాకెట్ మొత్తం ఖాళీ చేయడం కూడా ఇదే. పొద్దున్నుంచీ కడుపు కాల్చుకున్నందుకు ఒళ్లు ఎదురు తిరిగింది. ఆ తర్వాత మీరు చేసేది ఏంటంటే, తిన్నందుకు శిక్షగా మర్నాడు ఇంకా తక్కువ తింటారు, మర్నాడు రాత్రి అది ఇంకా గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఈ చుట్టును తెంచాల్సింది రాత్రి కాదు, పొద్దున.

చేయాల్సింది ఇది. మూడు పూటలా తినండి, మధ్యలో రెండుసార్లు చిన్నది ఏదైనా తినండి, మెలకువగా ఉన్నప్పుడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకండి. ఆకలి వేసినా వేయకపోయినా టైమ్‌కి తినాలి, ఎందుకంటే ఇన్నాళ్లు నొక్కి పెట్టిన ఆకలి మొదట్లో సరిగ్గా చెప్పదు. ఏం తినాలి అంటే ఇంట్లో అందరూ తినేదే: ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు ఏదుంటే అది, మధ్యాహ్నం అన్నం పప్పు కూర పెరుగు, సాయంత్రం శనగలో అరటిపండో పల్లీ చిక్కీనో, రాత్రి మళ్లీ అన్నమో చపాతీనో జొన్నరొట్టో. స్పెషల్‌గా ఏదీ కొనక్కర్లేదు. అన్నం మీద ఇప్పుడు రీల్స్‌లో జరుగుతున్న దాడి చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, తరతరాలుగా మన ఊళ్లు తిని బతికిన తిండిని విషంలా చూపించి పిల్లల్ని భయపెడుతున్నారు. నాకు అన్నమంటే భయం అని మీకు అనిపిస్తే, ముందు అన్నాన్నే మీ కంచంలోకి తెచ్చుకోండి, మీకు ఇబ్బంది లేనంతతో మొదలుపెట్టి.

రాత్రి అతిగా తినేసినా మర్నాడు పొద్దున టిఫిన్ మానకండి. అన్నిటికంటే కష్టమైనది ఇదే, అన్నిటికంటే పనిచేసేదీ ఇదే. మొదటి వారాల్లో కడుపు ఉబ్బరంగా ఉంటుంది, ముఖం కొంచెం ఉబ్బినట్టు కనిపించవచ్చు, అది కొవ్వు కాదు, జీర్ణం మళ్లీ గాడిలో పడుతోంది, ఒంట్లో నీళ్లు సర్దుకుంటున్నాయి. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి మళ్లీ మొదటికి వెళ్లిపోతారు, అందుకే ముందే చెబుతున్నాను.

వాంతి చేసుకోవాలని అనిపించే సమయం సాధారణంగా తిన్న వెంటనే వస్తుంది, కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. ఆ కాసేపు బాత్రూమ్‌కి దూరంగా, ఇంకో మనిషి దగ్గర ఉండండి. ఫోన్ చేసి మాట్లాడండి, మేడ మీద బట్టలు తీయండి, ఏదో ఒకటి. ఒకవేళ వాంతి అయిపోతే వెంటనే పళ్లు తోమకండి, ఆ యాసిడ్‌తో మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌కి అరిగిపోతుంది. కొంచెం వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించి వదిలేయండి.

ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. శనివారం, ఏకాదశి, శ్రావణ శుక్రవారం, రంజాన్ రోజాలు, భక్తితో చేసేవాళ్లకు అది వేరు. కానీ "ఈ రోజు ఉపవాసం" అనే మాట తిండి మానడానికి మంచి సాకు అని మీ మనసుకి తెలిసిపోయి ఉంటే, నయమయ్యే దాకా ఆపేయండి. ఒంట్లో బాగోలేని వాళ్లకు ఉపవాసం అక్కర్లేదని మన పెద్దవాళ్లే చెబుతారు, ఇస్లాంలోనూ జబ్బు మనిషికి మినహాయింపు ఉంది. పూజ చేయండి, ప్రసాదం తినండి.

4. ఇప్పుడు ఫోన్

దీనికి ఒక అరగంట పడుతుంది, ఈరోజే చేసేయండి. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో కంటెంట్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే సజెస్టెడ్ కంటెంట్‌ని రీసెట్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే ఇన్నాళ్లూ మీ గురించి అది నేర్చుకున్నదంతా చెరిపేసి మళ్లీ కొత్తగా మొదలుపెడుతుంది. అక్కడే కొన్ని మాటలు ఉన్న పోస్టులు చూపించొద్దని కూడా చెప్పొచ్చు. వెయిట్ లాస్, డైట్, ఫ్లాట్ టమ్మీ, గ్లో అప్, వాట్ ఐ ఈట్ ఇన్ ఎ డే లాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లోనూ తెలుగులోనూ రెండు రకాలుగా పెట్టండి. యాడ్ ప్రిఫరెన్సెస్‌లో బరువు తగ్గే ప్రకటనలు తక్కువ చూపించమని అడగండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ మొత్తం తుడిచేయండి.

రీసెట్ చేశాక మొదటి వారం చాలా ముఖ్యం. అలాంటి రీల్ వస్తే చివరిదాకా చూసి తిట్టుకోవద్దు, కామెంట్ పెట్టి గొడవపడొద్దు, ఆ యాప్‌కి రెండూ ఒకటే, మీరు ఆగారు అన్నదే దానికి కావాలి. వెంటనే నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కి జరిగిపోండి. ఎవరిని అన్‌ఫాలో చేయాలో తెలియకపోతే, వాళ్ల పోస్ట్ చూశాక మీ చెయ్యి మీ పొట్ట మీదకో బుగ్గ మీదకో వెళ్తోందా అన్నది గమనించండి. వెళ్తే తీసేయండి. చుట్టాలో క్లాస్‌మేట్సో అయితే అన్‌ఫాలో చేస్తే పంచాయితీ అవుతుంది కాబట్టి మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు.

కేలరీలు లెక్కపెట్టే యాప్ ఉంటే తీసేయండి, వాచ్‌లో ఎంత కరిగిందో చూపించే నోటిఫికేషన్లు ఆపేయండి, కెమెరాలో బ్యూటీ మోడ్ ఆఫ్ చేయండి. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. చాలా ఫోన్లలో ఇది మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది, మొహం సన్నగా, చర్మం నున్నగా చేసేస్తుంది, అది చూసి చూసి అద్దంలో మన అసలు మొహమే తేడాగా కనిపించడం మొదలవుతుంది.

మీరు చూసే ఒళ్లలో చాలా భాగం లైటింగ్, నిలబడే తీరు, ఎడిటింగ్. నార్వేలో 2022 నుంచి ప్రకటనల్లో ఒంటి ఆకారం మార్చిన ఫోటో పెడితే మార్చామని రాయాలని చట్టమే ఉంది. మన దేశంలో అలాంటిది లేదు, కానీ ఆరోగ్యం గురించి సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ చదువు ఏంటో చెప్పాలని 2023లో ప్రకటనల ప్రమాణాల మండలి (ASCI) నియమం పెట్టింది, అంతకుముందు 2021 నుంచే డబ్బులు తీసుకున్న పోస్టుకి యాడ్ అని రాయాలి. పొడులు, టీలు, డైట్ ప్లాన్లు అమ్మే వాళ్ల పేజీకి వెళ్లి వాళ్లు డాక్టరా, డైటీషియనా, ఏం చదివారు అన్నది వెతకండి. దొరకకపోతే అక్కడితో వదిలేయండి. 2025లో మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చాక వాటి రీల్స్ కూడా మొదలయ్యాయి. అవి డాక్టర్ రాస్తేనే వాడే మందులు, ఆకలిని తగ్గించే మందులు, ఇప్పటికే తిండితో యుద్ధం చేస్తున్న మనిషి ఆ సంగతి డాక్టర్‌కి చెప్పకుండా వాటి జోలికి వెళ్లకూడదు.

5. బరువు మెషిన్, బట్టలు

మెషిన్‌ని ఇంట్లోంచి తీసేయండి, బరువు చూడాల్సి వస్తే డాక్టర్ చూస్తారు. "ఇది పట్టే రోజు వస్తుంది" అని దాచుకున్న జీన్స్‌ని, పాత బ్లౌజుల్ని కళ్ల ముందు నుంచి తీసేయండి. ఇప్పుడున్న కొలతలకు రెండు జతలు కుట్టించుకోండి. కుట్లు విప్పితే సరిపోయే బ్లౌజులు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే.

6. ఇంట్లో వాళ్ల మాటలు

రీల్ ఒక్కటే కాదు. "ఏంటి ఇలా లావైపోయావ్" అన్నది మనకి పలకరింపు. పెళ్లిచూపులకి ఫోటో పంపేటప్పుడు "కొంచెం తగ్గితే బాగుంటుంది" అనేది తల్లే. బాలింత దగ్గరకు వచ్చి పొట్ట ఎప్పుడు తగ్గుతుందని అడిగేవాళ్లున్నారు. వాళ్లతో వాదన పెట్టుకోవడం వల్ల అలసటే మిగులుతుంది, అందుకని చిన్న మాటలు కొన్ని ముందే అనుకుని పెట్టుకోండి, అదే మాట ప్రతిసారీ చెప్పండి.

"పిన్నీ, నా ఒళ్లు సంగతి వదిలేయ్, అక్క వాళ్లు ఎలా ఉన్నారు?"
"అత్తయ్యా, డాక్టర్ గారు నా బరువు గురించి మాట్లాడొద్దన్నారండీ."
"అమ్మా, నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ పూట ముద్ద దిగడం లేదు."

మూడోది చెప్పడం కష్టం. అమ్మకి మాత్రం అదే చెప్పాలి, ఎందుకంటే తన మాట వల్ల పిల్ల తినడం లేదని ఆమెకు నిజంగా తెలియదు. డాక్టర్ పేరు చెప్పడం అబద్ధం అనుకోవద్దు, ఏ డాక్టరైనా అదే అంటారు. పెళ్లి కుదిరి, ఆ తేదీలోగా తగ్గాలని ఒత్తిడి ఉంటే, ఆ తేదీ కోసం చేసే కఠినమైన డైటే చాలామందికి ఈ జబ్బుకి మొదటి మెట్టు అవుతుందని గుర్తుంచుకుని, లెహంగానే మీ కొలతకు కుట్టించమనండి.

7. డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. "తిండి విషయంలో నాకు అదుపు పోయింది, ఎవరికి చూపించుకోవాలి" అని అడిగితే చాలు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఆ పేర్లకు భయపడి ఆగిపోకండి, అక్కడికి నిద్రపట్టని వాళ్లూ వస్తారు, పరీక్షల టెన్షన్ ఉన్న పిల్లలూ వస్తారు. ప్రైవేటులో కౌన్సెలింగ్‌కి వెళ్తే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, తప్పేం లేదు.

మన దగ్గర అమ్మాయిలు మొదట వెళ్లేది చాలాసార్లు గైనకాలజిస్టు దగ్గరకి, నెలసరి ఆగిపోయిందని. తక్కువ తినడం వల్ల కూడా నెలసరి ఆగుతుంది, కాబట్టి మీరు తినడం లేదన్న సంగతి చెప్పకపోతే వైద్యం వేరే దారిలో వెళ్లిపోతుంది. పీసీఓడీ ఉన్నవాళ్లకైతే ఇంకో చిక్కు. "బరువు తగ్గండి" అన్న ఒక్క మాట చీటీ మీద రాసి పంపేస్తారు, ఆ పిల్ల వెళ్లి రీల్స్‌లో డైట్ వెతుక్కుంటుంది. పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఫలానా డైటే మిగతావాటికంటే మేలు అని ఎక్కడా లేదు, పైగా ఈ ఆడవాళ్లలో తిండి సమస్యలు ఎక్కువగా ఉంటాయని డాక్టర్లు గుర్తుంచుకోవాలని ఉంది. "నాకు తిండి విషయంలో ఇబ్బంది ఉందండీ, బరువు టార్గెట్ పెట్టకుండా చెప్పండి" అని అడిగే హక్కు మీకుంది.

నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి: ఎప్పటి నుంచి, రోజుకి ఎన్నిసార్లు తింటున్నారు, వాంతులు ఉన్నాయా, మాత్రలు వేసుకుంటున్నారా, నెలసరి ఎప్పుడు వచ్చింది. ఒక డాక్టర్ తేలిగ్గా తీసి పారేస్తే ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇన్సూరెన్స్ ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ కవరేజీ ఇవ్వాలి, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే పాలసీ కాగితాలు వెంట తీసుకెళ్లండి.

పక్కన ఉన్నవాళ్లు చేయాల్సింది

తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లడం, అందరితో కలిసి తినకుండా "ఇందాకే తిన్నా" అనడం, వంటింట్లో తిండి మాయమవడం, ఎండాకాలంలోనూ వదులైన బట్టల్లో దాక్కోవడం, చేతి వేళ్ల కణుపుల మీద పుండ్లు, ఇవి కనిపిస్తుంటే అనుమానించండి. అడిగేటప్పుడు భోజనం దగ్గర అడగొద్దు, నలుగురిలో అసలే వద్దు. "ఎందుకిలా చేస్తున్నావ్" అనకుండా "ఈ మధ్య నువ్వు సరిగ్గా తినట్లేదు, నాకు భయంగా ఉంది" అనండి. మొదటిసారి ఏమీ లేదంటుంది, కోప్పడుతుంది కూడా, కొన్ని రోజులాగి మళ్లీ అడగండి. చిక్కావు అనో, కాస్త ఒళ్లు చేసి బాగున్నావు అనో మెచ్చుకోకండి, రెండూ ఒంటి మీద మాటలే.

తను తినేటప్పుడు కంచం వైపు చూడకుండా మీరూ పక్కన కూర్చుని అదే తినండి. తిన్నాక ఒక అరగంట లేవనివ్వకుండా ఏదో ఒక కబురు చెప్పండి. డాక్టర్‌ని మీరే కనుక్కుని, అపాయింట్‌మెంట్ మీరే తీసుకుని, వెంట వెళ్లండి. డాక్టర్ రెండోసారి రమ్మన్నప్పుడు తను "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అంటుంది, అప్పుడూ తీసుకెళ్లండి.